ఏ అధికారంతో? – న్యాయస్థానాల తీర్పులు నేర్పే పాఠం

గత సంవత్సరం రాజనీతిశాస్త్రం తరగతిలో ప్రాథమిక హక్కుల పాఠం చెబుతున్న రోజున వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "సార్, ఈ కేసులన్నీ వకీళ్లకు కావాలి గాని మాకెందుకు? మేమెవ్వరం కోర్టు మెట్లు ఎక్కబోవడం లేదు గదా!" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వినది. పరీక్షలో వస్తాయి గనుక చదవాలని చెప్పి మేము పాఠంలో ముందుకు సాగినాము. ఆ సమాధానం మాకే తృప్తి కలిగించలేదు. ప్రశ్న సూటిగా ఉన్నది; మా జవాబు మాత్రం దాటవేతగా ఉన్నది. ఆనాడు చెప్పవలసి ఉండి చెప్పని జవాబును ఈ వార్షిక సంచికలో విద్యార్థుల ముందు, వారితోపాటు కళాశాల పాలకవర్గం ముందు ఉంచదలచినాము.

న్యాయస్థానం మన జీవితానికి ఎంత దగ్గరగా ఉన్నదో మన నోటి మాటలే చెబుతాయి. అర్జీ, ఫిర్యాదు, జామీను, జప్తు, ఖైదు, వసూలు, రసీదు, వకీలు – ఇవన్నీ ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి స్థిరపడిన మాటలు. న్యాయం, ధర్మాసనం, శిక్ష, సాక్షి – ఇవి తెలుగువారికి సంస్కృతం నుండి సంక్రమించినవి. ఈ రెండు రాశుల మాటలూ కలిస్తే గాని మన పల్లెలలో ఒక వ్యాజ్యాన్ని గురించి ఎవ్వరూ మాట్లాడలేరు. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే ఈ ఆవరణలో చదువుకొనే విద్యార్థికి న్యాయస్థానపు భాష పరాయి భాష కాదు.

రాజ్యాంగ వివాదాలు, నేర వివాదాలు, పన్నుల వివాదాలు అని మూడు వేరు వేరు విభాగాలుగా మనం తీర్పులను చదువుతాము. గ్రంథాలు వేరు, వకీళ్లు వేరు, పారిభాషిక పదాలు వేరు. అయినను ఈ మూడింటి అడుగున ఒకే ఒక ప్రశ్న ఉన్నదని మా విశ్వాసం. ఒక పౌరుని కదలికను ప్రభుత్వం ఆపినది. ఒకని స్వేచ్ఛను హరించినది. ఒకని సొమ్మును తీసుకొన్నది. అప్పుడు పౌరుడు అడిగే ప్రశ్న ఇది: ఏ అధికారంతో? ఏ పద్ధతిలో? ఈ ప్రశ్నకు అధికారి చెప్పవలసిన జవాబే రాజ్యాంగ పరిపాలనకు ప్రాణం.

తీర్పును చదవడం ఎట్లా?

వార్తాపత్రికలో "ప్రభుత్వానికి చుక్కెదురు" అనో, "ఫలానావారికి ఊరట" అనో శీర్షిక చూచి తీర్పు తెలిసిపోయినదని అనుకోవడం పొరపాటు. గెలిచినదెవరు, ఓడినదెవరు అనేది తీర్పులో అతి చిన్న భాగం. ఏ తీర్పును చదివినా నాలుగు విషయాలను వేరు చేసి వ్రాసుకోవాలి. మొదటిది వాస్తవాలు – అసలు ఏమి జరిగినది? రెండవది వివాదాంశం – న్యాయస్థానం తేల్చవలసిన ప్రశ్న ఏమి? మూడవది నిర్ణయం. నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఆ నిర్ణయానికి ఆధారమైన హేతువు.

ఈ హేతువే తరువాతి కేసులకు మార్గదర్శకమవుతుంది. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రం దేశంలోని న్యాయస్థానాలన్నింటికి శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణం చెబుతున్నది. ప్రసంగవశాత్తు న్యాయమూర్తి చేసిన వ్యాఖ్యలకు గౌరవం ఉన్నది గాని ఆ బలం లేదు. తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఎందరు న్యాయమూర్తులు ఉన్నారో కూడ గమనించాలి. ఇద్దరి మాటను ఐదుగురు, ఐదుగురి మాటను తొమ్మండుగురు మార్చవచ్చును. భిన్నాభిప్రాయం వ్రాసిన న్యాయమూర్తి మాటను సైతం విడువరాదు. నేటి భిన్నాభిప్రాయం రేపటి న్యాయం కావచ్చును. దానికి దృష్టాంతం ఇప్పుడే చూడబోతున్నాము.

రాజ్యాంగ వివాదం: ఒక పాస్‌పోర్టు కథ

చట్టం నిర్ణయించిన ప్రక్రియ ప్రకారం తప్ప ఏ వ్యక్తినీ ప్రాణం నుండి గాని, వ్యక్తిస్వేచ్ఛ నుండి గాని వంచితుని చేయరాదని రాజ్యాంగం 21వ అధికరణం సారాంశం. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950లోనే ఈ మాటలకు అర్థమేమిటన్న ప్రశ్న ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. నివారక నిర్బంధ చట్టం క్రింద నిర్బంధించబడిన రాజకీయ నాయకుడు ఆయన. శాసనసభ ఒక చట్టం చేసి, ఆ చట్టంలో ఒక ప్రక్రియను పెడితే చాలునని, ఆ ప్రక్రియ న్యాయమైనదా కాదా అని 21వ అధికరణం క్రింద విచారించనక్కరలేదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు భావించినారు. జస్టిస్ ఫజల్ అలీ మాత్రం అంగీకరించలేదు. నోటీసు, తన మాట చెప్పుకొనే అవకాశం, నిష్పక్షపాతమైన విచారణ – ఇవి లేనిది ప్రక్రియ అనిపించుకోదని ఆయన భావం. ఆనాడు ఆయన మాట చెల్లలేదు.

ఇరువది ఏడు సంవత్సరాలు గడచినవి. 1977 జులైలో శ్రీమతి మేనకా గాంధీకి ప్రభుత్వం నుండి ఒక లేఖ వచ్చినది. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆమె పాస్‌పోర్టును స్వాధీనపరచుకోవడానికి నిర్ణయించినామని, ఏడు దినములలో దానిని అప్పగించాలని అందులో ఉన్నది. కారణాలు తెలుపుమని ఆమె కోరితే, ప్రజాప్రయోజనం దృష్ట్యానే కారణాలు తెలుపలేమని జవాబు వచ్చినది. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ఉన్నది. ఆ చట్టంలో అధికారమూ ఉన్నది. గోపాలన్ కేసు నాటి దృష్టితో చూస్తే విషయం అక్కడితో ముగిసిపోవాలి.

కాని 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వేరొక మార్గం త్రొక్కినది. ప్రక్రియ అంటే ఏదో ఒక ప్రక్రియ కాదు. అది న్యాయమైనదిగా, సమంజసమైనదిగా, సహేతుకమైనదిగా ఉండాలి. నిరంకుశమైన ప్రక్రియ 21వ అధికరణం అడిగే ప్రక్రియే కాదు – ఇది ఆ తీర్పు సారం. 14, 19, 21 అధికరణాలు దేనికదిగా విడిపోయిన గదులు కావని, ఒకదానిలోని వెలుగు మరొకదానిలో ప్రసరిస్తుందని ఆ తీర్పు స్థాపించినది. 1950లో ఒంటరిగా నిలిచిన జస్టిస్ ఫజల్ అలీ భావన ఈ విధంగా చాలవరకు న్యాయమై కూర్చున్నది.

ఇక్కడ విద్యార్థులు ఒక సూక్ష్మం గమనించాలి. ఈ కేసులో పాస్‌పోర్టు స్వాధీనం ఉత్తర్వును న్యాయస్థానం కొట్టివేయలేదు. ఆమె వాదన వినడానికి ప్రభుత్వం సిద్ధంగా ఉన్నదని అటార్నీ జనరల్ హామీ ఇచ్చినందున అంతటితో విడిచినది. గెలుపోటములు మాత్రమే చూచినవానికి ఈ కేసులో పెద్ద విశేషం కనిపించదు. హేతువును చదివినవానికి మాత్రమే భారత న్యాయ చరిత్రలోని ఒక మలుపు కనిపిస్తుంది.

ఈ రెండు తీర్పుల నడుమ చీకటి అధ్యాయం ఒకటి ఉన్నది. అత్యవసర పరిస్థితి కాలంలో నిర్బంధించబడినవారు తమ నిర్బంధం అక్రమమని హైకోర్టుకు చెప్పుకోవచ్చునా అన్న ప్రశ్నకు, చెప్పుకోరాదని 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. అనేక హైకోర్టులు పౌరుని పక్షాన చెప్పిన మాటను ఆ తీర్పు త్రోసివేసినది. ఐదవ న్యాయమూర్తి జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించినారు. తరువాత 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ, అత్యవసర పరిస్థితిలో సైతం 20, 21 అధికరణాల అమలును నిలుపరాదని శాసించినది. 2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యతా హక్కు కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జబల్‌పూర్ తీర్పు తప్పని ప్రకటించినది. న్యాయస్థానం కూడ పొరపాటు చేయగలదు. ఆ పొరపాటును దిద్దుకొనే మార్గం న్యాయస్థానపు గ్రంథాలలోనే, భిన్నాభిప్రాయం రూపంలో, నలుబది సంవత్సరాలు వేచి ఉండగలదు.

నేర విచారణ: జామీను లేని పేదవాడు

నేరం చేసినవాడికి హక్కులేమిటి అని కొందరు అడుగుతారు. ప్రశ్నలోనే పొరపాటున్నది. విచారణ ముగిసేవరకు అతడు నేరస్థుడు కాడు, నిందితుడు మాత్రమే. చేసిన నాటికి చట్టం నేరమని చెప్పని పనికి శిక్ష వేయరాదని, ఒకే నేరానికి రెండుమార్లు శిక్షించరాదని, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పుమని బలవంతపెట్టరాదని 20వ అధికరణం చెబుతున్నది. అరెస్టు చేసినవానికి కారణం తెలుపాలని, ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలని, తనకు నచ్చిన వకీలును సంప్రదించుకోనీయాలని 22వ అధికరణం ఆదేశం.

కాగితం మీద ఇన్ని హక్కులుండగా 1979లో బీహారు జైళ్లలో ఏమి జరుగుతున్నదో పత్రికలలో వచ్చిన కథనాల ద్వారా దేశానికి తెలిసినది. స్త్రీలు, పురుషులు, పిల్లలు సైతం విచారణ లేకుండ సంవత్సరాల తరబడి బందీలై ఉన్నారు. నేరం రుజువైనా కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో శిక్ష పడే ఆరోపణలకు మూడు నుండి పది సంవత్సరాల కాలం విచారణ ప్రారంభం కాకుండగనే జైలులో గడపినవారున్నారని సుప్రీంకోర్టు గుర్తించినది. కారణం? జామీను కట్టే స్తోమత వారికి లేదు. ఆ కేసు హుస్సేనారా ఖాతూన్ కేసుగా ప్రసిద్ధి పొందినది. ఆమె ఆ ఖైదీలలో ఒకరు. న్యాయవాది శ్రీమతి పుష్పా కపిలా హింగోరాణి వారి పక్షాన న్యాయస్థానం తలుపు తట్టినారు.

జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వాన ధర్మాసనం వేసుకొన్న ప్రశ్న మేనకా గాంధీ కేసు నుండి సూటిగా పుట్టినది. ప్రక్రియ న్యాయమైనదిగా ఉండాలన్నప్పుడు, సంవత్సరాల తరబడి విచారణే జరుపని ప్రక్రియ న్యాయమైనదా? కాదని తేల్చినారు. సత్వర విచారణ 21వ అధికరణంలో అంతర్భాగమని, పేద నిందితునికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఏర్పాటు చేయడం న్యాయమైన ప్రక్రియకు అవసరమని, సమాజంలో వేళ్లూనిన మనిషిని స్వంత పూచీకత్తు మీద విడువవచ్చునని ఆ కేసులోని ఉత్తర్వులు స్థిరపరచినవి. విదేశయానం చేయగోరిన ఒక ప్రముఖురాలి పాస్‌పోర్టు కేసులోని హేతువు ఏడాది దాటిన కొద్దికాలానికే బీహారు జైలులోని నిరుపేదల సంకెళ్లు విప్పినది. హేతువును గుర్తుపెట్టుకొమ్మని మేము ఇంతగా చెప్పడానికి కారణమిదే.

ఆ విత్తనం నుండి తరువాత చట్టాలు మొలచినవి. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టం 1995లో అమలులోకి వచ్చినది. దాని ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే చాలును. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, విధించదగిన గరిష్ఠ శిక్షాకాలంలో సగం జైలులో గడపిన విచారణ ఖైదీ జామీనుకు అర్హుడు. పూర్వం ఏ నేరంలోను శిక్ష పడనివానికి మూడవ వంతు చాలును. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు ఇది వర్తించదు. మరికొన్ని మినహాయింపులు సైతం ఉన్నవి. ఈ నాలుగు వాక్యాలు తెలిసిన విద్యార్థి తన వాడలో ఒక కుటుంబాన్నైనా ఆదుకోగలడు.

మన ప్రాంతం నుండి వెళ్లిన కేసు ఒకటి ఇక్కడ చెప్పాలి. 1977 మే నెలలో రాయలసీమలోని కోయిలకుంట్ల సబ్‌జైలులో తండ్రి, కొడుకు నిర్బంధంలో ఉన్నారు. తమ ప్రాణాలకు ముప్పున్నదని వారు ముందుగానే మొరపెట్టుకొన్నారు. ఒక రాత్రి దుండగులు జైలులోనికి చొరబడి బాంబులు విసరినారు. తండ్రి మరణించినాడు, కొడుకు గాయపడినాడు. నష్టపరిహారానికి దావా వేస్తే, జైళ్ల నిర్వహణ సార్వభౌమాధికార కార్యమని, దానిలోని లోపానికి ప్రభుత్వం బాధ్యత వహించదని వాదన వచ్చినది. ఈ వాదనకు పూర్వం బలమున్నది. పోలీసుల స్వాధీనంలో ఉన్న వర్తకుని బంగారాన్ని ఒక పోలీసు ఉద్యోగియే అపహరించి పారిపోయిన కస్తూరీలాల్ కేసులో, ప్రభుత్వం బాధ్యురాలు కాదని 1964లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పినది. కాని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కోయిలకుంట్ల కేసులో 1,44,000 రూపాయల పరిహారాన్ని వడ్డీతో మంజూరు చేసినది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. ఖైదీ అయినంతమాత్రాన మనిషి ప్రాణహక్కును కోల్పోడని, ఆ హక్కు భంగమైనచోట సార్వభౌమాధికారమనే గోడ చాటున ప్రభుత్వం దాగరాదని ఆ తీర్పు హేతువు.

పన్ను: సొమ్ము తీసుకొనే చేయి

పన్నుల కేసులు విద్యార్థులకు విసుగు పుట్టిస్తాయి. అంకెలు, సెక్షన్లు, షెడ్యూళ్లు చూచి పుస్తకం మూసివేస్తారు. కాని మన ప్రశ్న ఇక్కడ మరింత స్పష్టంగా వినిపిస్తుంది. చట్టం ఇచ్చిన అధికారం లేనిదే ఏ పన్నునూ విధించరాదు, వసూలు చేయరాదు – 265వ అధికరణం ఇంత చిన్నది. విధించడానికే గాక వసూలు చేయడానికి కూడ చట్టం కావాలన్నది గమనింపదగినది.

తిరువాంకూరు–కొచ్చిన్ ప్రాంతంలో 1955లో ఒక భూమిపన్ను చట్టం వచ్చినది. తరువాత దానికి సవరణ జరిగినది. ఎకరానికి సాలుకు రెండు రూపాయల చొప్పున అన్ని భూములకు ఒకే పన్ను. పైకి ఇది సమానత్వం వలె కనిపిస్తుంది. కాని బంగారం పండే పొలానికి, ఏమీ పండని అడవికి ఒకే పన్ను వేస్తే అది సమానత్వమా? అడవి భూముల యజమాని ఒకరికి ఏడాదికి వచ్చే రాబడి సుమారు 3,100 రూపాయలు; కట్టుమన్న పన్ను సుమారు 54,000 రూపాయలు. కె.టి. మూపిల్ నాయర్ కేసుగా పేరొందిన ఈ వివాదంలో సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టివేసినది. ఆ తీర్పు 1961 నాటి న్యాయ నివేదికలలో ఉన్నది. చట్టమున్నంత మాత్రాన చాలదు; ఆ చట్టం 14వ అధికరణంలోని సమానత్వానికి లోబడాలి. అసమానులను ఒకే గాటన కట్టడం కూడ అసమానత్వమే. పన్ను నిర్ణయించే ముందు నోటీసు ఇవ్వడానికి, అభ్యంతరం వినడానికి, అప్పీలు చేసుకోవడానికి ఆ చట్టంలో తగిన ఏర్పాటే లేకపోవడాన్ని న్యాయస్థానం గట్టిగా తప్పుపట్టినది. పాస్‌పోర్టు కేసులోను, పన్ను కేసులోను దోషమొక్కటే – చెప్పుకొనే అవకాశం లేకుండ చేయి చాపడం.

ప్రశ్న ఒకవైపే నడవదు. వర్తకుడు ఒక పన్నును చట్టవిరుద్ధంగా వసూలు చేసినారని గెలిచినాడనుకొందాము. సొమ్ము అతనికి తిరిగి ఇవ్వవలసినదేనా? మఫత్‌లాల్ ఇండస్ట్రీస్ కేసులో 1996 డిసెంబరులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని తేల్చినది. ఆ పన్నును అతడు ధరలో కలిపి కొనుగోలుదారుల వద్ద రాబట్టుకొని ఉంటే, తిరిగి పుచ్చుకోవడానికి అతనికి హక్కు లేదు. అది అతని జేబు నుండి పోయిన సొమ్ము కాదు. "ఏ అధికారంతో తీసుకొన్నావు?" అని ప్రభుత్వాన్ని అడిగిన వర్తకుడు అదే ప్రశ్నకు తానును జవాబు చెప్పవలసి వచ్చినది.

మూడవ దృష్టాంతం వోడాఫోన్ కేసు. విదేశంలో జరిగిన వాటాల బదలాయింపు మీద సుమారు 11,000 కోట్ల రూపాయల పన్ను కోరితే, ఆనాటి చట్టం ప్రకారం ఆ అధికారం లేదని 2012 జనవరి 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే సంవత్సరం పార్లమెంటు వెనుకటి కాలం నుండి వర్తించేటట్లు చట్టాన్ని సవరించినది. వాదోపవాదాలు సాగి, చివరకు 2021లో ఆ వెనుకటి వర్తింపును విరమిస్తూ మరొక చట్టం వచ్చినది. చట్టం ఏమి చెబుతున్నదో న్యాయస్థానం చెబుతుంది. చట్టాన్ని మార్చే అధికారం శాసనసభదే. ఆ అధికారాన్ని ఎంత న్యాయంగా వాడినారని అడిగే బాధ్యత ప్రజలది. ఈ మూడు బాధ్యతలను కలగాపులగం చేయరాదు.

మన ఆవరణలోనికి వస్తే

మనది అల్పసంఖ్యాక వర్గం స్థాపించిన కళాశాల. తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని పరిపాలించుకొనే హక్కు 30వ అధికరణం ఇచ్చినది. ఈ హక్కు సైతం తీర్పుల ద్వారానే నిలదొక్కుకొన్నది. 1974లో అహమ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అట్టి కళాశాల పాలకవర్గంలో బయటివారిని ప్రవేశపెట్టే విశ్వవిద్యాలయ చట్ట నిబంధన ఆ సంస్థలకు వర్తించదన్నది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తులు ఈ హక్కు హద్దులను మరల పరిశీలించినారు. ప్రభుత్వం జోక్యం చేసుకొన్నప్పుడు "ఏ అధికారంతో?" అని అడిగే బలం మన సంస్థలకు ఈ విధంగా వచ్చినది.

అయితే 1958లోనే కేరళ విద్యా బిల్లు విషయంలో సుప్రీంకోర్టు ఒక మాట హెచ్చరికగా చెప్పి ఉన్నది. పరిపాలించే హక్కులో దుష్పరిపాలన చేసే హక్కు ఇమిడి ఉండదు. ప్రభుత్వాన్ని మనమడిగే ప్రశ్నను మన విద్యార్థి మనలను అడిగితే జవాబు సిద్ధంగా ఉండాలని దాని తాత్పర్యంగా మేము గ్రహించినాము.

విద్యార్థులకు సంబంధించిన రెండు తీర్పులను జతగా చదవాలి. ఉత్తరప్రదేశ్‌లో 1954 ఇంటర్మీడియట్ పరీక్షలో అక్రమాలకు పాల్పడినారని ముగ్గురు విద్యార్థుల ఫలితాలను, వారిని ఒక్క మాట అడుగకుండ, పరీక్షా బోర్డు రద్దు చేసినది. వారి భవిష్యత్తును తేల్చే సంఘం వారి సంజాయిషీ వినవలసిందేనని 1962 నాటి నివేదికలలోని తీర్పులో సుప్రీంకోర్టు చెప్పినది. 1970లో బీహారు పరీక్షా బోర్డు కేసు వచ్చినది. అక్కడ ఒక కేంద్రం మొత్తంలో సామూహికంగా అక్రమం జరిగినదని పరీక్షనే రద్దు చేసినారు. అట్టిచోట ఒక్కొక్కరిని పిలిచి విచారించనక్కరలేదని న్యాయస్థానం అన్నది. ఈ రెండింటికి వైరుధ్యం లేదు. మొదటిదానిలో వేలెత్తి చూపినది మనుషులను, రెండవదానిలో పరీక్షను. వాస్తవాలు విడిచి సూత్రాన్ని మాత్రం వల్లించేవారు ఈ తేడాను పట్టుకోలేరు.

ఇక మేము చెప్పక తప్పని సంగతి ఒకటి ఉన్నది. పూర్వం మేము పనిచేసిన ఒక కళాశాలలో హాజరు చాలనివారి పట్టీని నోటీసు బోర్డు మీద అంటించి, ఆ పేర్లను రిజిస్టరు నుండి తొలగించినారు. అందులో ఒక విద్యార్థి పేరున్నది. తండ్రి జబ్బుపడి ఆసుపత్రిలో ఉంటే అతడు ఆరు వారాలు ప్రక్కన కూర్చున్నాడు. తిరిగి వచ్చేసరికి పరీక్ష ఫీజు గడువు దాటిపోయినది. ఆ సంవత్సరం పోయినది. అతని చదువు కూడ అంతటితో పోయినది. నిబంధన ఉన్నది, నిజమే. ఆ నిబంధనలోనే తగిన కారణమున్నవారికి మినహాయింపు కూడ ఉన్నది. ఎవ్వరూ అతనిని అడుగలేదు. ఆ పట్టీ మీద సంతకం చేసిన అధ్యాపకులలో మేమును ఉన్నాము. ఆ ఉదయమే తరగతిలో మేనకా గాంధీ కేసు చెప్పి వచ్చి, మధ్యాహ్నం ఆ కాగితం మీద సంతకం పెట్టినాము. రెండింటికి సంబంధమున్నదని మాకు తోచలేదు.

అందువలన పాలకవర్గం వారికి సవినయంగా మూడు విన్నపాలు. ఏ విద్యార్థి మీదనైనా చర్య తీసుకొనే ముందు ఆరోపణ ఏమిటో వ్రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో – ఉర్దూలో గాని తెలుగులో గాని – తెలుపాలి. అతని జవాబు విని, నిర్ణయానికి కారణాన్ని ఉత్తర్వులో వ్రాయాలి. ఏ రుసుము పుచ్చుకొన్నా అది ఏ నిబంధన క్రింద పుచ్చుకొన్నదో రసీదులో ఉండాలి. వీటికి వ్యయం లేదు. కొంచెం ఓపిక చాలును.

విద్యార్థులకు ఒక మాట. "ఏ అధికారంతో?" అన్నది ధిక్కారపు ప్రశ్న కాదు. చట్టాన్ని గౌరవించేవాడే చట్టమెక్కడున్నదని అడుగుతాడు. దీనిని వినయంతో, వ్రాతపూర్వకంగా, సమయం మించకుండ అడగాలి. రేపు మీలో కొందరు గుమాస్తాలు, పోలీసు ఉద్యోగులు, పన్నుల అధికారులు, అధ్యాపకులు అవుతారు. అప్పుడు మీ బల్ల ముందు నిలుచున్నవాడు నోరు తెరచి ఈ ప్రశ్న అడుగలేని నిరుపేద కావచ్చును. అతని పక్షాన మిమ్ములను మీరే అడుగుకోవాలి.

వెనుక వరుసలోని మిత్రునికి మా ఆలస్యపు జవాబు ఇదే. నీవు కోర్టు మెట్లు ఎక్కకపోవచ్చును. కాని ఏదో ఒకనాడు నీ చేతిలో ఒక కలం, ముందు ఒక కాగితం, ఆ కాగితం మీద మరొకరి పేరు ఉంటవి. సంతకం చేసే ముందు ఒక్క క్షణం ఆగడానికి ఈ కేసులు చదవాలి.